పేజీ చివరి దాకా

మూడో తేదీ, సోమవారం

పంపు మళ్ళీ పాత అంకె చూపించింది.

రోగులకు మందు ఎక్కించే ఈ కొత్త యంత్రం తయారీ ఎంతవరకు వచ్చిందో చూడటానికి మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి సిస్టరు వచ్చింది. మందుకు బదులు సీసాలో నీళ్ళు, మనిషికి బదులు గాజు బీకరు. ఆవిడ పద్ధతిగా ఒక రోగి పని ముగించి ‘కొత్త రోగి’ మీట నొక్కింది. అప్పుడు తెర మీద సున్నా రావాలి, గంటకు ఎంత మందు ఎక్కించాలో అడగాలి. అడగలేదు. ముందు రోగికి పెట్టిన నలభై రెండునే చూపించి, తనంతట తానే బీకర్లోకి వదలడం మొదలుపెట్టింది. సిస్టరు గొట్టాన్ని వేళ్ళతో నొక్కిపట్టి, "ఇవి నీళ్ళు కాబట్టి సరిపోయింది" అంది. కోపంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

పదిసార్లు నొక్కితే రెండుసార్లు ఇలా చేస్తుంది. మిగతా ఎనిమిదిసార్లు నంగనాచిలా సరిగ్గా నడుస్తుంది.

మోతాదు లెక్క రాసింది కొత్తావిడ. వయసులో కొత్త కాదు, నాకన్నా ఆరేళ్ళు పెద్దది. పదకొండేళ్ళు ఉద్యోగం మానేసి, ఇంటి దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పుకుని, ఇప్పుడు మళ్ళీ వచ్చింది. ఆరు నెలల గడువు మీద తీసుకున్నారు, అది ఈ నెల ఇరవై ఒకటితో తీరుతుంది. మా దగ్గర ప్రతి పెద్ద తప్పుకీ ఒక పత్రం ఉంటుంది. అందులో ‘ఎవరి వల్ల’ అని ఒక గడి. గడువు మీద ఉన్నవాళ్ళ పేరు ఆ గడిలో పడితే ఇక మళ్ళీ రానక్కర్లేదు. ఆ గడి నింపేది నేనే.

నా వైపు చూడాల్సిన పని లేదు. ప్రోగ్రాముని ముక్కలుగా విడదీసి మెమరీలో దేని చోట దాన్ని పరిచే లోడరు నాది. కోడ్ ముక్కను ఎవరూ దిద్దకుండా, డేటా ముక్కను ఎవరూ కోడ్‌లా నడపకుండా, ఒకటి ఇంకోదాని మీద పడకుండా చూస్తుంది. ఆరేళ్ళుగా ఒక్క ఫిర్యాదు లేదు. అయినా సాయంత్రం ఆ ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. సరిగ్గా ఉంది.

నాలుగు, మంగళవారం

కొత్తావిడ నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో పెన్సిలు, చెవి వెనక ఇంకో పెన్సిలు.

"సార్, ఒక్క ప్రశ్న. చివరి పేజీలో మా డేటా అయిపోయాక కొంత చోటు మిగులుతుంది కదా. దాన్ని ఎవరు సున్నా చేస్తారు?"

"లోడరే చేస్తుంది."

"ప్రోగ్రాం ఎక్కించిన ప్రతిసారీనా?"

"ఆరేళ్ళుగా చేస్తోందండి."

"సరే సార్" అని వెళ్ళిపోయింది.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. మెమరీని పేజీల లెక్కన పంచేది నేను. పేజీకి నాలుగువేల తొంభై ఆరు బైట్లు. ఏ ప్రోగ్రాం డేటా అయినా సరిగ్గా పేజీ చివరకు వచ్చి ఆగదు, మధ్యలో ఎక్కడో అయిపోతుంది. మిగిలిన చోట విలువ ఇవ్వని అంకెలు కూర్చుంటాయి, అవి సున్నాతో మొదలవ్వాలని నియమం. ఆ పేజీలో అంతకుముందు ఇంకెవరో కాపురం ఉండి ఉంటారు కాబట్టి, వాళ్ళు వదిలేసిన సామాను తుడిచి మరీ ఇవ్వాలి. ఇదంతా మొదటి నెలలో నేర్చుకునే పాఠం. నాకు చెప్తోంది.

ఆవిడ ఫైలు తెరిచి చూశాను. మోతాదు అంకెకు అసలు విలువే ఇవ్వలేదు. ‘ఇది సున్నా’ అని ఒక్క ముక్క రాస్తే అరిగిపోయేదా? దొరికింది తప్పు.

ఐదు, బుధవారం

సున్నా రాయమన్నాను. రాసింది. ముప్పై సార్లు నొక్కి చూశాం, ఒక్కసారి కూడా పాత అంకె రాలేదు. మేనేజరుకు చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు మా చిన్నదానికి రంగు పెన్సిళ్ళు కొన్నాను.

ఆరు, గురువారం

వచ్చింది. ముప్పై ఎనిమిదోసారి.

కొత్తావిడ మెల్లగా అంది, "సున్నా అని రాసినా, ఏమీ రాయకపోయినా కంపైలరు రెంటినీ ఒకే చోట పెడుతుంది సార్. ఆ మిగిలిన చోటులోనే. మీకు తెలిసిందే కదా."

నాకు తెలిసిందే. నిన్న గుర్తులేదు, అంతే. కానీ పదిమంది ముందు "మీకు తెలిసిందే కదా" అంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తెలిసినప్పుడు నిన్న నేను రాయమన్నప్పుడే అనొచ్చు కదా.

పైగా ఆవిడ నిన్నే అన్నదట. నేను వినలేదట.

ఏడు, శుక్రవారం

బోర్డు తయారుచేసే విభాగంలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆఫీసంతా బాబాయ్ అంటారు. తప్పు మెమరీ చిప్పుదే అయ్యుంటుందని ఆయన మీదికి వెళ్ళాను. ఆయన సోల్డరింగ్ కడ్డీ కింద పెట్టి తాపీగా చెప్పాడు.

"చూడు నాయనా, కరెంటు వేసినప్పుడు మెమరీ మొత్తం కడిగి మీ చేతికిస్తాం. ఆ తరవాత మీ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుని లేచారో, పక్కలు ఎవరు దులిపారో మాకేం తెలుస్తుంది?"

"పాత యంత్రంలో ఎప్పుడూ ఇలా రాలేదు బాబాయ్."

"పాతదానిలో రోగి మారితే కరెంటు తీసి వేసేవాళ్ళు. దీన్లో తియ్యకుండానే ప్రోగ్రాం మళ్ళీ ఎక్కిస్తున్నారు. ఎక్కించేది ఎవరు?"

ఎక్కించేది నా లోడరు. అయితే ఏమిటి? ఎక్కించడం వేరు, ఎక్కాక ఆ ప్రోగ్రాం చేసే నిర్వాకం వేరు. బాబాయ్‌కి బోర్డులు తెలుసు, లోపల అన్నిటినీ నడిపే కెర్నెల్ తెలియదు.

తొమ్మిది, ఆదివారం

పొద్దున్న టీ ఉప్పగా ఉంది. నిన్న చక్కెర పొట్లం తెచ్చి డబ్బాలో పోసింది నేనే. కల్తీ సరుకు అంటగట్టాడని మిగిలిన పొట్లం పట్టుకుని షాపుకు వెళ్ళి మాటా మాటా అనుకున్నాను. షాపాయన ఆ పొట్లంలోంచే ఒక చెంచాడు తీసి నోట్లో వేసుకుని, నన్నూ వేసుకోమన్నాడు. తియ్యగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ డబ్బా బల్ల మీద బోర్లించి పెట్టింది. అడుగున వేలెడు మందాన పాత ఉప్పు, సగం చక్కెరలో కలిసిపోయి.

"పోసేముందు డబ్బాలో చూశారా?"

"చూశాను. ఖాళీగానే ఉంది."

"చూశారా, ఉందనుకున్నారా?"

చిన్నది పకపకా నవ్వింది. తొమ్మిదేళ్ళ పిల్లకు కూడా లోకువైపోయాను. రెండోసారి షాపుకు వెళ్ళి సారీ చెప్పమంది మా ఆవిడ. వెళ్ళలేదు, ఎండగా ఉంది.

పది, సోమవారం

మేనేజరు పిలిచాడు. ఇరవయ్యో తేదీన సిస్టరు మళ్ళీ వస్తుంది, ఆసుపత్రి పెద్దలూ వస్తారు. ఈలోగా పత్రం పైకి పంపాలట.

"ఎవరో ఒకరి పేరు రాయండి మరి. గడి ఖాళీగా పంపితే మనమేం చేస్తున్నట్టు?"

మా దగ్గర ఒక కమాండు ఉంది. ఫైలు పేరిస్తే ఒక్కో లైను ఎవరు ఎప్పుడు రాశారో వరసగా చూపిస్తుంది. ఆవిడ ఫైలు మీద నడిపాను. ప్రతి లైనూ ఆవిడదే. ఆవిడ ఫైలు కాబట్టి ఆవిడవే ఉంటాయి, అది నాకూ తెలుసు.

నా ఫైలు మీద నడపలేదు. అందులో ప్రతి లైనూ నాదే, చూడాల్సిందేముంది.

పన్నెండు, బుధవారం

పత్రం నింపాను. ఎవరి వల్ల: కొత్తావిడ పేరు. కారణం: మోతాదు అంకెకు ఆరంభ విలువ ఇవ్వకపోవడం.

న్యాయంగానే రాశాను. మందు ఎక్కించే యంత్రంలో ఎవరి జాగ్రత్త వాళ్ళు పడాలి. మెమరీ ఎవరో తుడిచి ఇస్తారని నమ్మి కూర్చోకూడదు. ఎక్కించగానే తన అంకె తానే మళ్ళీ తుడుచుకుంటే పోయేది కదా. నేనే ఆవిడ స్థానంలో ఉంటే అలాగే చేసేవాణ్ణి. న్యాయంగానే రాశాను.

పదమూడు, గురువారం

న్యాయంగానే.

పద్నాలుగు, శుక్రవారం

పత్రం నకలు ఆవిడకు వెళ్ళింది. గొడవ పెట్టుకుంటుందనుకుని నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. కొత్తావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"విలువ ఇవ్వలేదని రాశారు సార్. ఐదో తేదీన ఇచ్చాను కదా, మీరు చెబితేనే."

"అది కాదండీ విషయం."

"మరి ఏది సార్?"

నేను సిద్ధం చేసుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు. ఆవిడ ఒక కాగితం నా ముందు పెట్టింది. చిన్న టెస్టు, ఇరవై లైన్లు కూడా లేదు. ముందు ఖాళీ మెమరీ అంతా ఏడులతో నింపుతుంది, తరవాత నా లోడరుతో ఒక ప్రోగ్రాం ఎక్కిస్తుంది, చివరి పేజీలో మిగిలిన చోట ఏముందో చదువుతుంది. సున్నాలుంటే తప్పు ఆవిడది. ఏడులుంటే...

ఆవిడ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. "పదిసార్లకు రెండుసార్లు కాదు సార్, ఒక్కసారి నడిపితే తేలిపోతుంది. వచ్చే శుక్రవారంతో నా గడువు తీరిపోతుంది. ఈలోగా చూస్తే మేలు" అని మాత్రం అంది. లేచి, కుర్చీ మళ్ళీ ఎక్కడిది అక్కడ పెట్టి వెళ్ళింది.

ఇవాళ తీరిక లేదు. సోమవారం చూస్తాను.

పదిహేను, శనివారం

తీరిక ఉంది. కాగితం సంచిలోనే ఉంది.

పదిహేడు, సోమవారం

నడిపాను. ఏడులు. మళ్ళీ నడిపాను. ఏడులు. తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఏడులు.

మూడో తేదీ కింద ‘ఆ ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదివాను’ అని రాశాను. చదవలేదు. తెరవను కూడా తెరవలేదు. నేను తప్ప ఎవరూ చూడని పుస్తకంలో నాకు నేనే అబద్ధం రాసుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, దానికైనా పాలు దక్కుతాయి.

ఇవాళ తెరిచాను. రెండు వందల పన్నెండో లైను. మిగిలిన చోటును తుడిచే లైను అక్కడే ఉంది, కానీ నడవకుండా కామెంటులో పెట్టి ఉంది. పైన నా మాటలే: ‘ప్రదర్శన కోసం తాత్కాలికంగా ఆపాను. మళ్ళీ పెట్టాలి.’ కమాండు నడిపితే నా పేరు, రెండేళ్ళ కిందటి తేదీ వచ్చాయి. గుర్తొచ్చింది. ప్రదర్శనలో యంత్రం రెండు సెకన్లలో తెరుచుకోవాలన్నారు, ఎక్కడ ఏది తగ్గుతుందా అని వెతికాను. కరెంటు వేసినప్పుడు మెమరీ ఎలాగూ శుభ్రంగానే ఉంటుంది కదా, మళ్ళీ తుడవడం ఎందుకని తీసేశాను. అప్పటికి అది నిజమే. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో మళ్ళీ పెట్టడం మర్చిపోయాను.

మిగతాదంతా సరిగ్గానే చేశాను. కోడ్‌ను ఎవరూ ముట్టకుండా కాపాడాను, డేటాను కాపాడాను. వెనకటివాళ్ళ సామాను మాత్రం కొత్తవాళ్ళ నెత్తిన పెట్టాను. తరవాత ఆ సామాను ఆవిడదే అని పత్రం మీద సంతకం పెట్టాను. ఆడలేక మద్దెల ఓడు అంటోందని కొత్తావిడ మీద ఎన్నిసార్లు మనసులో నవ్వుకున్నానో. సిగ్గుగా ఉంది.

లైను మళ్ళీ పెట్టాను. టెస్టు నడిపాను. సున్నాలు.

పద్దెనిమిది, మంగళవారం

మేనేజరుకు చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"బాగు చేసేశారు కదా?"

"చేశాను. కానీ పత్రంలో ఆవిడ పేరుంది."

"పత్రం పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు వెనక్కి తెప్పిస్తే అందరి చూపూ లోడరు మీద పడుతుంది. ఇరవయ్యో తేదీన ఆసుపత్రివాళ్ళ ముందు మనం ఏమని చెప్పుకోవాలి? మీ మార్పుని ‘శుభ్రత’ అని చిన్న అక్షరాల్లో రాసి పెట్టండి. ఆవిడ ఎలాగూ గడువు మీద ఉన్న మనిషి. ఇంకోచోట దొరుకుతుంది లెండి."

మసిపూసి మారేడుకాయ చెయ్యడం ఈయన దగ్గర నేర్చుకోవాలి. అలా అని నేను లేచి వచ్చేశానా అంటే, రాలేదు. ‘చూద్దాం’ అన్నాను. ఆయన టీ తెప్పించాడు. తాగాను కూడా.

పంతొమ్మిది, బుధవారం

సాయంత్రం కొత్తావిడ ఏదో కాగితం పట్టుకుని ఎదురుపడితే మెట్ల వైపు తిరిగాను. ఆవిడకు చెప్పలేదు.

మా ఆవిడకు చెప్పాను. మొత్తం విని, "షాపాయనకు సారీ చెప్పి వచ్చారా?" అని అడిగింది.

ఇరవై, గురువారం

పొద్దున్నే షాపుకు వెళ్ళి చెప్పాను. ఆయనకు అసలు గుర్తే లేదు. తరవాత ఆఫీసుకు వెళ్ళాను.

సమావేశం గదిలో పంపు, బీకరు, సిస్టరు, ఆసుపత్రి పెద్దలు ఇద్దరు, మేనేజరు, బాబాయ్. కొత్తావిడ లేదు. పనిలోంచి తీసేసినట్టు ఆవిడకు నిన్న సాయంత్రమే ఉత్తరం ఇచ్చేశారట, శుక్రవారం దాకా కూడా ఆగకుండా. ఆ సంగతి నాకు అక్కడ బాబాయ్ చెవిలో చెబితే తెలిసింది. నేను మెట్ల వైపు తిరిగినప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది ఆ ఉత్తరమే అయ్యుండాలి.

సిస్టరు అరవైసార్లు నొక్కింది. అరవైసార్లూ సున్నా.

"ఏం మార్చారు?" అని అడిగింది.

మేనేజరు "చిన్నపాటి శుభ్రత" అనబోతుంటే నేను లేచి నిలబడ్డాను. రెండేళ్ళ కిందట ఏం తీసేశానో, ఎందుకు తీసేశానో, పత్రంలో ఎవరి పేరు రాశానో చెప్పాను. ఆ టెస్టు రాసిందీ ఆవిడేనని చెప్పాను. మేనేజరు రెండుసార్లు "ఇక కూర్చోండి" అన్నాడు.

సిస్టరు మాత్రం నన్నే చూస్తూ, "ఆ అమ్మాయికి తెలుసా ఇదంతా?" అని అడిగింది. యాభైకి దగ్గరపడుతున్న మనిషిని అమ్మాయి అంది. తెలుసనే అన్నాను, నాకన్నా ముందే తెలుసు.

మధ్యాహ్నం పత్రం వెనక్కి తెప్పించారు. గడిలో ఆవిడ పేరు కొట్టివేసి నా పేరు నేనే రాశాను. సోమవారం నుంచి ఆవిడను రమ్మనమని మేనేజరు ముఖం మాడ్చుకుని చెప్పాడు.

ఇరవై ఒకటి, శుక్రవారం

ఫోన్ చేశాను. వెనక ఎవరో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆవిడ వాళ్ళను ఆగమని, "చెప్పండి సార్" అన్నారు.

అంతా చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. సోమవారం నుంచి రమ్మంటున్నారన్నాను.

"బాబాయ్ గారు నిన్ననే చెప్పారు సార్. పేరు మార్చారట, సంతోషం. కానీ నేను రాను."

"ఎందుకండీ? తప్పు మీది కాదని అందరికీ తెలిసింది."

"అది నాకు ముందే తెలుసు కదా. నాలుగో తేదీన మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగాను. మీరు ఫైలు తెరవకుండా జవాబు చెప్పారు. తెరిచి, తప్పు జవాబు చెప్పినా నాకు బాధ ఉండేది కాదు. అలాంటిచోట ఇంకో ఆరు నెలలు ప్రశ్నలు అడుగుతూ కూర్చోలేను సార్."

ఎక్కాలు మళ్ళీ మొదలయ్యాయి, ఆవిడ వాళ్ళను ఉష్ అన్నారు.

"అయినా ఇంకొకటి అడుగుతాను. ఆ తుడిచే లైను పాతదే పెట్టారా?"

"ఆరేళ్ళ కిందట రాసిందే. బాగా నడిచింది."

"డేటా సరిగ్గా పేజీ చివరకే వచ్చి ఆగితే?"

‘అలా ఎప్పుడూ ఆగదండీ’ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగాను.

"ఈసారి తెరిచి చెప్పండి సార్" అని ఫోన్ పెట్టేశారు.

ఇరవై రెండు, శనివారం

ఆఫీసులో ఎవరూ లేరు. బాబాయ్ గది ఫ్యాను ఆపడం మర్చిపోయాడు, అది ఒక్కటే తిరుగుతోంది. ఫైలు తెరిచాను.

డేటా పేజీ మధ్యలో అయిపోతే నా లైను మిగిలిన చోటును మాత్రమే తుడుస్తుంది. సరిగ్గా చివర అయిపోతే మిగిలేది ఏమీ లేదు, తుడవాల్సిందీ లేదు. నా లెక్క అక్కడ సున్నా అనదు, నాలుగువేల తొంభై ఆరు అంటుంది. అంటే పక్క పేజీ మొత్తం తుడిచేస్తుంది. కొత్త పంపులో ఆ పక్క పేజీలో ఏముందో మెమరీ పటం తీసి చూశాను. గొట్టంలో గాలి బుడగ వస్తే గంట మోగించే హద్దుల పట్టిక. మోతాదు ప్రోగ్రాం డేటా ఇంకో పదహారు బైట్లు పెరిగితే చాలు, ఆ పట్టిక తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు గంట మోగదు.

ఆరేళ్ళుగా ఒక్క ఫిర్యాదు లేదు. ఆరేళ్ళుగా ఎవరి డేటా పేజీ చివరకు వచ్చి ఆగలేదు, అంతే.

మార్చాను. ఆవిడ టెస్టు పక్కనే ఇంకో టెస్టు రాశాను, డేటా సరిగ్గా హద్దు మీద ఆగేలా. ఆ ప్రశ్న అడిగింది ఆవిడేనని దాని పైన పేరుతో సహా రాశాను. పాత లైనుతో నడిపితే విఫలమైంది, కొత్తదానితో నిలిచింది. ఆవిడకు కబురు పంపాను: ‘మీరు అడిగింది నిజం. పక్క పేజీ పోయేది. తెరిచే చెబుతున్నాను.’

గంట తరవాత జవాబు వచ్చింది. ‘సరే సార్.’

తరవాత ఇంటికి పోబోయి, మళ్ళీ కూర్చున్నాను. మొదటి లైను నుంచి మొదలుపెట్టాను. మొత్తం మూడు వందల నలభై ఒక్క లైన్లు. ఇంకో రెండుచోట్ల ‘తాత్కాలికం’ అని నేను పెట్టిన మాటే కనిపించింది, రెండూ పత్రం మీద నా పేరుతోనే రాశాను. మధ్యాహ్నం దాటింది, మా ఆవిడ ఫోన్ చేస్తే వస్తున్నానన్నాను.

చివరి దాకా చదివాను. ఈసారి నిజంగా చదివాను.